పార్కులో బాట మూశారు... ఎందుకు, ఎన్నాళ్లు?

అమెరికా స్టేట్ పార్కుల్లో ట్రెయిళ్ల పనులు, తాత్కాలిక మూసివేతల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే తీరు ప్రశ్నలు కలిపేశాం.

ప్రశ్న: ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే షికాగో వాళ్లం ముందు తీసుకెళ్లేది స్టార్వ్‌డ్ రాక్ స్టేట్ పార్కుకే. బాట మొదట్లో ‘మూసివేశాం’ అని బోర్డు, అడ్డంగా నారింజ రంగు జాలీ కనిపిస్తుంటాయి. లోపల పనివాళ్లెవరూ ఉండరు, బాట కూడా బాగానే ఉన్నట్టుంటుంది. పని జరగని ఆదివారాలైనా జనాన్ని వదలొచ్చు కదా?
— నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: జాలీ దగ్గర నిలబడితే కనిపించేది మొదటి యాభై అడుగులే. పని ఏ మలుపు అవతలో ఉంటుంది. పనివాళ్లు ఇంటికెళ్లినా వాళ్లు సగంలో వదిలిన పని అక్కడే ఉంటుంది. పాత చేతిపట్టు కమ్మీలు ఊడదీసి ఉంటారు. కొత్త మెట్ల పలకలు ఒక్కో స్క్రూతో నిలిపి ఉంటాయి, అంచు మీద కాలు పడితే అవతలి కొస లేస్తుంది. స్తంభాల గుంతలు నాలుగు అడుగుల లోతున నోరు తెరుచుకుని ఉంటాయి. గుంతలో పోసిన కాంక్రీటు మర్నాటికే రాయిలా కనిపిస్తుంది కానీ, దాని బలంలో మూడింట రెండొంతులు రావడానికే వారం పడుతుంది. ఈలోగా స్తంభాన్ని ఊపితే చుట్టూ సన్నటి సందు పడుతుంది. ఆ సందులో నీళ్లు చేరి చలికాలంలో గడ్డకడతాయి. రెండేళ్లలో ఆ స్తంభం ఒరుగుతుంది.

చెడింది ఒక్క వంతెనే అయినా మైలు పొడవునా మూసేయడం చాలామందికి వింతగా తోస్తుంది. వంతెన దాకా వదిలితే అక్కడిదాకా వెళ్లి జనం ఆగరు. పక్కనుంచి దిగే దోవ వెతుకుతారు. ఒకరు దిగితే గడ్డి నలుగుతుంది, పదిమంది దిగితే దారి పడుతుంది, నెల తిరిగేసరికి వానకు అది కాలువ అవుతుంది. పైగా లోపల ఎవరికైనా కాలు విరిగితే స్ట్రెచరు మీద మోసుకురావాలి. దానికి ఒక్కసారికి ఆరుగురు కావాలి, అలిసినప్పుడు మార్చుకోవడానికి మరో ఆరుగురు. సగం పలకలు లేని చెక్కబాట మీద ఆ మోత కుదరదు. అందుకే రెండు చివర్లా వాహనం వచ్చే చోటు నుంచి చోటు దాకా మూస్తారు.

ఈ పార్కుకున్న ఇబ్బంది దాని రాయి. అక్కడి లోయలన్నీ సెయింట్ పీటర్ ఇసుకరాయిలో కోసుకుపోయినవి. దాదాపు స్వచ్ఛమైన క్వార్ట్‌జ్ ఇసుక, గింజకూ గింజకూ మధ్య పట్టు చాలా తక్కువ. పక్కనే ఉన్న ఒటావా ఊరి ఇసుకను అమెరికాలో సిమెంటు పరీక్షలకు ప్రామాణికంగా వాడతారు, మనకు ఎన్నూరు ఇసుకలాగా. సివిల్ చదివినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. రాయి పైన గట్టి పెచ్చు కడుతుంది, అది ఉన్నంతకాలం లోపలి ఇసుక నిలబడుతుంది. పేర్లు చెక్కినప్పుడో, బూటు మడమతో గీరినప్పుడో ఆ పెచ్చు పోతే కింద ఉండేది వేలితో రుద్దినా రాలే పొడి. ఏటా ఇరవై లక్షల మందికి పైగా వచ్చే పార్కు, అందరూ తిరిగేది 13 మైళ్ల బాటలు. ఆ అడుగులు ఎక్కడ పడాలో తేల్చడమే అక్కడి నిర్మాణమంతా.

ప్రశ్న: బాటల పనులు సరిగ్గా అందరూ వచ్చే వేసవిలోనే ఎందుకు పెడతారు? చలికాలంలో చేసుకోవచ్చు కదా?
— షాంబర్గ్, ఇల్లినాయ్

జవాబు: చలికాలంలో నేల గడ్డకడుతుంది. గడ్డకట్టిన మట్టిని దిమ్మిసతో ఎంత కొట్టినా సర్దుకోదు, మధ్యలో మంచు పలుకులు ఉండిపోతాయి. వసంతంలో అవి కరిగి బాట కుంగుతుంది. గాలి వేడి 40 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పడితే కాంక్రీటు గట్టిపడటం బాగా మందగిస్తుంది, కప్పి వేడి పెట్టకుండా పోయకూడదు. మార్చి, ఏప్రిల్‌లలో బురద, ఇల్లినాయ్ నదికి వరద. మిగిలేది మే నుంచి అక్టోబరు దాకా. అందులోనూ గబ్బిలాలు చెట్లలో పిల్లల్ని సాకే నెలల్లో చెట్లు కొట్టనివ్వరు కాబట్టి, చెట్లు తీయాల్సిన చోట ఆ పని ముందే చలికాలంలో ముగించుకోవాలి. అందుకే ఒక్కోసారి ఫిబ్రవరిలో చెట్లు కొట్టి, జూన్ దాకా ఏ పనీ లేనట్టు కనిపిస్తుంది. అది బద్ధకం కాదు.

ప్రశ్న: మరి స్టార్వ్‌డ్ రాక్ బాటలు మూసి ఉన్న రోజు అంతదూరం వెళ్తే చూడటానికి ఏముంటుంది? పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు.
— అరోరా, ఇల్లినాయ్

జవాబు: బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఇల్లినాయ్ సహజ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో స్టార్వ్‌డ్ రాక్ పేజీ చూడండి. గూగుల్ మ్యాప్‌లో ‘తెరిచి ఉంది’ అని కనిపించేది పార్కు గేటు గురించే, లోపలి బాటల గురించి కాదు. దగ్గర్లోని మ్యాథీసన్ పార్కు పేజీ కూడా చూసుకోవాలి. అదీ అదే ఇసుకరాయి, అక్కడా మెట్లు, వంతెనలు ఉన్నాయి, అక్కడా పనులు పడుతుంటాయి. ‘ఇది మూస్తే అది’ అనుకుని వెళ్లి రెండుచోట్లా వెనుదిరిగే వాళ్లున్నారు.

విజిటర్ సెంటర్ నుంచి ఫ్రెంచ్ క్యానియన్ అర మైలు లోపే. కానీ చివర్లో తడిరాతిలో తొలిచిన అడుగుల గుంటల మీదుగా ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను అక్కడికి తీసుకెళ్లొద్దు. నది ఒడ్డునే బల్లల దగ్గర కూర్చోబెట్టడం మేలు. అవతలి గట్టున, లాక్ అండ్ డ్యామ్ (ఆనకట్ట, దాని పక్కన నీటిమట్టం పెంచి తగ్గించి పడవలను దాటించే గది) దగ్గర ఇల్లినాయ్ వాటర్‌వే విజిటర్ సెంటర్ ఉంది. కారు దిగి నాలుగడుగులు వేస్తే బార్జీలు లాక్‌లో ఎక్కి దిగడం చూడొచ్చు. జనవరి, ఫిబ్రవరిల్లో డ్యామ్ కింద నీళ్లు గడ్డకట్టవు కాబట్టి చేపల కోసం బాల్డ్ ఈగిల్స్ (తెల్లతల గద్దలు) చేరతాయి. చదునుగా నడవాలంటే పాత ఐ అండ్ ఎం (ఇల్లినాయ్ అండ్ మిషిగన్) కాలువ గట్టు బాట ఉంది. పూర్వం కంచరగాడిదలు పడవలు లాగిన దారి అది, ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు.

సెలవు రోజుల్లో పార్కింగు నిండితే గేటే మూస్తారు. పది దాటాక బయల్దేరితే పులిహోర కారులోనే తినాల్సివస్తుంది.

ప్రశ్న: వృత్తిరీత్యా సివిల్ ఇంజినీర్ని. పార్కుల్లో మెట్లు, వంతెనలు చెక్కతో కట్టి ఇరవై ఏళ్లకోసారి మార్చే బదులు, మన తిరుమల మెట్లలా రాతితోనో కాంక్రీటుతోనో ఒక్కసారి కట్టేస్తే మూసివేతల గొడవే ఉండదు కదా?
— నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: తిరుమల దారీ మూతపడుతుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతింటే మళ్లీ తెరిచింది 2022 మేలో. రాతిమెట్లు కూడా నీళ్లు చెప్పినట్టే వింటాయి.

రెండుచోట్లా అడుగున ఉన్నది ఒకప్పుడు ఇసుకే అయినా, శేషాచలం రాయి ఒత్తిడికి గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. దానిలో మేకు దింపితే పట్టుకుంటుంది. సెయింట్ పీటర్ రాయిలో బోల్టు దింపితే చుట్టూ ఇసుక రాలి కొన్నాళ్లకు వదులవుతుంది. అందుకే అక్కడ మెట్ల బరువును కొండ పక్కకు కాకుండా కింద నేలలోకి దింపాలి. షికాగో చుట్టుపక్కల పునాదికి లెక్కగట్టే లోతు 42 అంగుళాలు. చలికి నేల అంత లోతు దాకా గడ్డకట్టవచ్చు. గడ్డకట్టేటప్పుడు మట్టిలో నీరు ఉబ్బి, పైనున్నదాన్ని ఎత్తుతుంది. అన్ని గుంతలూ ఒకే లోతు లేకపోతే ఒక కాలు లేచి ఇంకో కాలు ఉన్నచోటే ఉంటుంది, మెట్ల వరస మెలి తిరుగుతుంది. కాంక్రీటు మెట్లు ఆ మెలికకు పగులుతాయి. చెక్క కాస్త వంగి ఓర్చుకుంటుంది, చెడిన పలక ఒక్కదాన్నే మార్చొచ్చు.

మోత సంగతీ ఉంది. లోయలోకి కాంక్రీటు కలిపే మిల్లరు లారీ వెళ్లదు. 2 బై 12 అంగుళాల కొలతలో 16 అడుగుల చెక్క, మందు పట్టించి తడిగా ఉన్నప్పుడు ఒక్కటే 80 పౌన్లు దాటుతుంది. దాన్ని ఇద్దరు మోసుకుపోతారు, లేదా గొలుసు చక్రాల చిన్న బండి మీద తీసుకెళ్తారు. అదే కొలతకు కాంక్రీటు అయితే మూడింతలు బరువు.

చెక్క ఎందుకు చెడుతుందో చూస్తే మూసివేతలు ఎందుకు పడతాయో అర్థమవుతుంది. పలక మధ్యలో కుళ్లు అరుదు. మొదలయ్యేది కోసిన కొసల్లో, బోల్టు కన్నాల్లో, పలకకూ కింది దూలానికీ మధ్య తడి ఆరని సందులో. ఆ సందులో ఆకుల తుక్కు చేరితే ఎప్పుడూ చెమ్మే. పైకి పలక నున్నగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు సన్నటి స్క్రూడ్రైవరుతో దూలం పైఅంచును పొడిచి చూస్తారు. అంగుళం లోపలికి దిగిందంటే ఆ వారమే మూసేస్తారు. కొత్తగా కట్టేటప్పుడు దూలాల పైఅంచుకు జిగురు టేపు అంటించడం, కోసిన ప్రతి కొసకూ రాగి మందు మళ్లీ పూయడం చిన్న పనులే. కానీ కాంట్రాక్టర్లు మొదట దాటవేసేవి అవే.

ఇంకో లోపం మేకులది. ఇప్పటి మందు చెక్కల్లో రాగి ఎక్కువ. రాగి, తడి, మామూలు ఉక్కు కలిస్తే ఉక్కు తుప్పుపట్టి పోతుంది. వేడి జింకులో ముంచినవి, లేదా స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడాలి. ఒకే చోట రెండు రకాల లోహాలు కలపకూడదు. జింకు పూసిన బ్రాకెట్‌కు స్టెయిన్‌లెస్ స్క్రూ వేస్తే ముందు బ్రాకెట్ చెడుతుంది.

రాయి అసలు వాడరని కాదు. 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (నిరుద్యోగ యువకులకు పని ఇచ్చిన ప్రభుత్వ పథకం) కుర్రాళ్లు ఈ పార్కులో బాటలు, లాడ్జి కట్టారు. రాయి దగ్గర్లో దొరికి, వాలు గట్టిగా ఉన్నచోట రాతిమెట్టే మేలు. అయితే మెట్టు రాయి ఎంత కనిపిస్తుందో కాక, ఎంత పూడిందో చూడాలి. కనీసం మూడో వంతు మట్టిలో ఉండాలి, పై మెట్టు కింది మెట్టు మీద కొంత ఎక్కి కూర్చోవాలి. ఎత్తు 6 నుంచి 8 అంగుళాల మధ్య. అది దాటితే జనం మెట్టు ఎక్కరు, పక్కనున్న మట్టి వాలు ఎక్కుతారు. మెట్ల పక్కన చిన్న బాట పడి ఉంటే తప్పు జనానిది కాదు, మెట్టు ఎత్తుది.

ప్రశ్న: మా ఊళ్లో గుడి వెనక 100 అడుగుల నడక బాట వేయాలని కమిటీ అనుకుంటోంది. స్టేట్ పార్కులో వేసే గట్టి రాతిపొడి బాటలాంటిది కావాలి. పోయినసారి గులకరాళ్లు పోస్తే పాదాల కింద దొర్లుతున్నాయి.
— ఒహాయో

జవాబు: గులకరాళ్లు గుండ్రటివి, కడిగినవి. ఒకదాన్నొకటి పట్టుకోవు. మీకు కావాల్సింది క్రషర్‌లో నలిగిన, మూలలున్న రాయి. మూడెనిమిదో వంతు అంగుళం నుంచి పొడి దాకా అన్నీ కలిసిందే అడగండి. ‘కడిగి ఇమ్మంటారా?’ అంటే వద్దనండి, ఆ పొడే సిమెంటు పని చేస్తుంది.

100 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందానికి 133 ఘనపుటడుగులు, అంటే 5 క్యూబిక్ యార్డులు, సుమారు 7 టన్నులు. దిమ్మిస కొట్టాక మందం తగ్గుతుంది కాబట్టి 6 యార్డులు తెప్పించండి. వీల్‌బారోలో 3 ఘనపుటడుగులు పోస్తే బరువు 300 పౌన్లు. అలా 54 దాకా ట్రిప్పులు. ఆరుగురు ఉంటే ఒక శనివారం.

ముందు గడ్డి, వేళ్లు, నల్లమట్టి పూర్తిగా తీసేయండి. ఆకుకుళ్లు మీద రాయి పోస్తే అది స్పంజిలా కుంగుతూనే ఉంటుంది. నేల బంకమన్ను అయితే జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లు వదిలి మట్టిని ఆపేది) పరవండి, లేకుంటే రాయి బంకలోకి దిగిపోయి బంక పైకొస్తుంది. రాయి ఒకేసారి పోయొద్దు. రెండు పొరలుగా, ప్రతి పొరా తడిపి ప్లేట్ కాంపాక్టర్‌తో (దిమ్మిస కొట్టే యంత్రం) కొట్టాలి. తడి ఎంతంటే, గుప్పిట్లో పిసికితే ముద్ద నిలవాలి, చేతికి నీళ్లు అంటకూడదు. చివరికి మధ్య అంగుళం ఎత్తుగా, రెండు వైపులా వాటంగా ఉండాలి. రసమట్టం పెట్టి చూసుకోండి. కంటికి సమంగా ఉన్న బాట మీదే నీళ్లు నిలుస్తాయి.

ప్రశ్న: డాలస్ దగ్గర సీడర్ హిల్ స్టేట్ పార్కులో సైకిల్ ట్రెయిల్ వాన పడ్డాక రెండు మూడు రోజులైనా తెరవరు. ఎండ కాస్తున్నా మూసే ఉంచుతారెందుకు?
— ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: నల్లరేగడి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ పత్తిచేల మట్టి ఎలాంటిదో డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టి అలాంటిదే. శాస్త్రవేత్తలు రెంటినీ వర్టిసాల్ అన్న ఒకే జాతిలో చేరుస్తారు. టెక్సస్‌లోనూ అందులో పత్తే పండించారు. ఎండలో నెర్రెలు విచ్చుకుంటుంది, తడిస్తే ఉబ్బి నెర్రెలు మూసుకుంటుంది, ఇక నీరు లోపలికి దిగదు. పైన అర అంగుళం ఎండి తెల్లబడినా కింద వెన్నలా ఉంటుంది. ఎండ చూసి మోసపోయేది అక్కడే.

ఆ స్థితిలో సైకిలు నడిపితే చక్రం గాడి పడుతుంది. గాడి అలాగే ఎండి రాయి అవుతుంది. తర్వాతి వానకు నీళ్లు బాట దాటి పక్కకు పోకుండా ఆ గాడి వెంట కిందికి పరుగెత్తుతాయి. ఒక్కరోజు తొందరకు ఆరు నెలల మరమ్మతు. బాగు చేసేది జీతగాళ్లు కాదు, ఎక్కువగా డాలస్ ఆఫ్-రోడ్ సైకిల్ సంఘం వలంటీర్లు. తెరిచిందీ లేనిదీ వాళ్లే ఆన్‌లైన్‌లో పెడతారు, చూసుకుని సైకిలు కారుకెక్కించండి.

నడిచేవాళ్లకు ఒక కొలమానం: మీ బూటు గుర్తు అర అంగుళం కన్నా లోతుగా పడుతుంటే వెనక్కి తిరగండి. మధ్యలో చిన్న గుంట అడ్డొస్తే పక్కనుంచి కాదు, గుంటలోంచే వెళ్లండి. చుట్టూ తిరిగితే గుంట పెరుగుతుంది. మూడడుగుల బాట పన్నెండడుగులు కావడం అలాగే మొదలవుతుంది. బూట్లు కడుక్కోవచ్చు.

ప్రశ్న: బిగ్ బేసిన్ స్టేట్ పార్కు కాలి ఇన్నేళ్లయింది. రెడ్‌వుడ్ చెట్లు పచ్చగా చిగురించాయి. అయినా చాలా ట్రెయిళ్లు తెరవలేదు. ఆలస్యం దేనికి?
— శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: 2020 ఆగస్టులో పిడుగులతో మొదలైన కార్చిచ్చు ఆ పార్కులో 97 శాతాన్ని కాల్చింది. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో అన్నిటికన్నా పాతది, 1902 నాటిది. 2022 జూలైలో కొంత భాగం తెరిచారు. మీరు చెప్పినట్టు రెడ్‌వుడ్‌లు చిగురించాయి, వాటి బెరడు మందం, మోడు నుంచీ మొలుస్తాయి. కానీ వాటి పక్కనే ఉన్న డగ్లస్ ఫర్‌లు చచ్చిపోయాయి. చచ్చిన చెట్టు మంటల ఏడాదిలోనే పడదు. మూడు, నాలుగు, ఐదేళ్లకు కుళ్లి కొమ్మ కొమ్మగా, తర్వాత నిలువునా పడుతుంది. బాటకు చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపలున్న ప్రతి చచ్చిన చెట్టూ ప్రమాదమే. నూటయాభై అడుగుల చెట్లున్న అడవిలో ఆ లెక్క ఎంత దూరం పోతుందో చూడండి.

కంటికి కనిపించనిది నేలకింద ఉంది. మోడు కాలాక నిప్పు వేళ్ల వెంట వారాల తరబడి లోపల్లోపలే కాలుతుంది. వేరు బూడిదయ్యాక అక్కడ గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. పైన నాలుగంగుళాల మట్టి పైకప్పు, దాని మీద ఆకులు. కాలేస్తే తొడ దాకా దిగబడుతుంది. పనివాళ్లు గడ్డపారతో బాట పొడవునా పొడుచుకుంటూ పోయి ఖాళీలు తెరిచి, రాయి, మట్టి కుక్కి దిమ్మిస కొట్టాలి. చెక్క వంతెనలు, మట్టి ఆపే దుంగ గోడలు ఎటూ బూడిదయ్యాయి. పైగా బాగా కాలిన నేల కొన్నాళ్లు నీటిని పీల్చుకోదు. చిన్న వానకే నీరంతా పైపైన జారి కొండవాలు కోసుకుపోతుంది.

చెట్లు తీయకుండా బాట చేయలేరు, బాట చేయకుండా వంతెన సామాను మోయలేరు. వరస తప్పితే చేసిన పని మీదే చెట్టు పడుతుంది. బయల్దేరేముందు పార్కింగు రిజర్వేషన్ నిబంధన చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి హైస్కూల్లో సేవా గంటలు కావాలి. ట్రెయిల్ పనికి పంపొచ్చా? వాళ్లకు ఏం పని ఇస్తారు?
— శాన్ రమోన్, కాలిఫోర్నియా

జవాబు: పంపండి. మైనర్లకు తల్లిదండ్రుల సంతకం కావాలి, కొన్నిచోట్ల ఒకరు తోడుండాలంటారు. చాలా పార్కులు జూన్ మొదటి శనివారం, నేషనల్ ట్రెయిల్స్ డే నాడు కొత్తవాళ్లను పిలుస్తాయి. నిండు ప్యాంటు, మూసిన బూట్లు, తోలు గ్లవ్స్, రెండు లీటర్ల నీళ్లు. మూడేసి ఆకుల విషపు తీగను గుర్తుపట్టడం ముందే నేర్పండి.

చేతికి రెండు పనిముట్లు వస్తాయి. పులాస్కీ ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు పలుగుపార. మెక్‌లౌడ్ ఒకవైపు దంతె, మరోవైపు వెడల్పు పార. పెద్దరాళ్లకు మన గడ్డపారే. మనవాళ్లు అలవాటుగా భుజాన వేసుకుంటారు, ఇక్కడ అది కుదరదు. జారితే మెడకు తగులుతుంది. పల్లం వైపు చేత్తో, పదును కిందికి పెట్టి మోయాలి. మనిషికీ మనిషికీ పదడుగులు ఎడం.

మొదటిరోజు ఇచ్చే పని దాదాపు ఎప్పుడూ ఒకటే: నీళ్లు బయటికి తోలడం. కొండవాలు మీద బాటను బయటి అంచు వైపు 5 శాతం వాటంతో కడతారు, అంటే 36 అంగుళాల వెడల్పుకు రెండంగుళాల కన్నా కొంచెం తక్కువ. జనం నడిచేకొద్దీ మధ్య కుంగి, బయటి అంచున గట్టు లేస్తుంది. దాంతో బాటే కాలువ అవుతుంది. ఆ గట్టు తెంచాలి. పదడుగుల పొడవున అర్ధచంద్రాకారంలో మట్టి చెక్కి, మధ్యలో వాటం 15 శాతం దాకా పెంచుతారు. నీళ్లు బాట పొడవునా పరుగెత్తకుండా అక్కడే బయటికి జారిపోతాయి. కొత్తవాళ్లు చేసే తప్పు కూడా ఒకటే. చెక్కిన మట్టిని అక్కడే అంచున పోస్తారు, సాయంత్రానికి గట్టు మళ్లీ తయారు. మట్టిని పల్లంలోకి దూరంగా విసిరేయాలి. పొలానికి గట్టు వేసి నీళ్లు ఆపిన తాతగారు చూస్తే ముచ్చటపడరేమో కానీ, ఇక్కడ పని అంతా గట్టు తెంచడమే.

అడ్డంగా దుంగ పాతి నీళ్లు మళ్లించే చోట, అది బాటకు 45 నుంచి 60 డిగ్రీల కోణంలో ఉండాలి. కోణం లేకుండా తిన్నగా అడ్డం వేస్తే నీటి వేగం చచ్చి వండు పేరుకుంటుంది, నాలుగు వానలకు పూడిపోతుంది. ఆ వండు తీయడమే చాలా శనివారాల పని. అబ్బాయి ‘మట్టి తోడాం అంతే’ అని విసుక్కుంటూ వస్తే, పని సరిగ్గానే చేశాడన్నమాట.

ప్రశ్న: నాన్నగారు వీల్‌చెయిర్‌లో ఉంటారు. బోర్డు మీద ‘యాక్సెసిబుల్’ అని రాసిన ట్రెయిల్ నిజంగా ఎంత వాలు ఉండొచ్చు?
— ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఫెడరల్ కొలతలు ఇవి: వెడల్పు కనీసం 36 అంగుళాలు. 5 శాతం వాలు ఎంత దూరమైనా ఉండొచ్చు. 8.33 శాతం అయితే 200 అడుగులు, 10 శాతం అయితే 30 అడుగులు, 12 శాతం అయితే 10 అడుగులు, ఆ తర్వాత ఆగడానికి చదునైన చోటుండాలి. 8.33 దాటిన భాగం మొత్తం బాటలో 30 శాతానికి మించకూడదు. 12 శాతం అంటే పదడుగులకు దాదాపు అడుగుంపావు లేవడం, వెనకనుంచి తోసేవాళ్లకు బాగా బలం కావాలి. ఈ కొలతలు ఫెడరల్ భూముల కోసం రాసినవి, రాష్ట్రాలు చాలావరకు అవే పాటిస్తాయి. పాత బాటలకు మాత్రం ఆ బోర్డు పెట్టినా వాలు అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. విజిటర్ సెంటర్‌లో ‘యాక్సెసిబులేనా’ అని అడక్కండి. ‘అన్నిటికన్నా నిటారు వాలు ఎంత శాతం, ఎన్ని అడుగులు? మరమ్మతుకు కొత్తగా రాయి పోసిన ముక్క ఏదైనా ఉందా?’ అని అడగండి. ఇంకా సర్దుకోని రాయిలో వీల్‌చెయిర్ ముందుచక్రాలు దిగబడతాయి. అలాంటి ముక్క ఉంటే రెండు మంచి వానలు పడి గట్టిపడ్డాక వెళ్లండి.